పాత మినీ కారుకు అల్లాయ్ చక్రాల సరిపోలిక

పాత మినీ కారుకు అల్లాయ్ చక్రాల సరిపోలిక అనగా, 1959 నుండి 2000 వరకు బ్రిటన్‌లో తయారైన మినీ కారుకు దానితో వచ్చిన చక్రాలకు బదులుగా వేరే అల్లాయ్ (మిశ్రలోహపు) చక్రాలు బిగించదలచినపుడు, అవి నిజంగా సరిపోతాయో లేదో ముందుగా కొలతల ద్వారా తేల్చుకొనే పద్ధతి. చక్రం హబ్బు మీదికి ఎక్కి, నట్లు బిగిసినంత మాత్రాన అది సరిపోయినట్లు కాదు. ఈ విషయంలో జరిగే పొరపాట్లలో మిక్కిలి ప్రమాదకరమైనవి కంటికి కనిపించనివే.

నేపథ్యం

అలెక్ ఇసిగోనిస్ రూపొందించిన ఈ కారును బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ 1959 ఆగస్టులో విడుదల చేసింది. చిన్న కారులో నలుగురు కూర్చొనే చోటు కల్పించడానికి ఆయన చేసిన ఉపాయాలలో 10 అంగుళాల బుల్లి చక్రాలు ఒకటి. చక్రం చిన్నదైతే దానికి వదలవలసిన గూడు కూడా చిన్నదే. ఆ పొదుపే నేడు పెద్ద చక్రాలు వేయగోరేవారికి అడ్డంకిగా నిలుస్తున్నది. మినీ కూపర్ ఎస్ కార్లు 1964, 1965, 1967 సంవత్సరాలలో మాంటీ కార్లో ర్యాలీ గెలిచాయి. ఆ కాలపు పందెపు మినీలకు వాడిన, మెగ్నీషియంతో పోతపోసిన మినీలైట్ చక్రాలు పేరు పొందాయి. ఆ ఆకృతిలో అల్యూమినియం చక్రాలు ఇప్పటికీ తయారవుతున్నాయి.

1984లో కారుకు 12 అంగుళాల చక్రాలు వచ్చాయి. 1990ల చివరలో కొన్ని కార్లకు వెడల్పైన మడ్‌గార్డు అంచులతో పాటు 13 అంగుళాల చక్రాలు కూడా ఇచ్చారు. కనుక "మినీ చక్రం" అన్న మాట ఒక్కటే చాలదు, ఏ సంవత్సరపు మినీ అన్నది తెలియాలి.

బోల్టు వృత్తం

మినీ చక్రాన్ని నాలుగు స్టడ్లు పట్టి ఉంచుతాయి. ఆ నాలుగింటి కేంద్రాల గుండా గీసిన ఊహావృత్తం వ్యాసాన్ని పీసీడీ అంటారు. మినీకి ఇది 4 అంగుళాలు, అనగా 101.6 మిల్లీమీటర్లు. చాలా చిన్న కార్లకు, 2001లో బీఎండబ్ల్యూ తెచ్చిన కొత్త మినీకి కూడా, ఇది 100 మిల్లీమీటర్లు. తేడా 1.6 మిల్లీమీటర్లు మాత్రమే. అసలు చిక్కు ఇక్కడే ఉన్నది. తేడా పెద్దదైతే చక్రం ఎక్కనే ఎక్కదు, ఎవరికీ హాని లేదు. ఇంత చిన్నదైతే కొంచెం బలవంతపెడితే ఎక్కుతుంది.

అలా ఎక్కించినపుడు ప్రతి స్టడ్డూ రంధ్రం కేంద్రానికి 0.8 మిల్లీమీటర్లు వెలుపలగా ఉంటుంది. నట్టు శంఖాకారపు ముఖం రంధ్రపు గుంటలో చుట్టూ కాక ఒక పక్కనే ఆనుతుంది. పానాకు గట్టిగా తగిలినట్లే ఉంటుంది గాని, ఆ బలంలో కొంత చక్రాన్ని హబ్బుకు అదమడానికి కాక స్టడ్డును వంచడానికి పోతుంది. ప్రయాణంలో చక్రం తిరిగిన ప్రతిసారీ ఆ వంపు మీద భారం పడి లేస్తుంది. నట్లు వదులవుతాయి, లేదా లోహం అలసి స్టడ్డు విరుగుతుంది. కొత్త మినీ చక్రం పాత మినీకి సరిపోతుందని పేరు చూసి నమ్మకూడదు.

నాలుగు రంధ్రాల చక్రానికి పీసీడీ కొలవడం తేలిక. ఒక రంధ్రపు ఎడమ అంచు నుండి ఎదుటి రంధ్రపు ఎడమ అంచు వరకు కొలిస్తే అదే కేంద్రాల మధ్య దూరం. ఇంత స్వల్పమైన తేడాను తెలుసుకోవడానికి సాధారణ స్కేలు కంటే పాఠశాల భౌతికశాస్త్ర ప్రయోగశాలలో వాడే వెర్నియర్ కాలిపర్స్ మేలు. ఐదు రంధ్రాలున్న ఇతర కార్ల చక్రాలలో రంధ్రాలు ఎదురెదురుగా ఉండవు కనుక, పక్కపక్క కేంద్రాల మధ్య దూరాన్ని 0.588తో భాగించాలి. ఈ సంఖ్య సైన్ 36 డిగ్రీల విలువ. త్రికోణమితి ఎందుకు పనికివస్తుందని అడిగే విద్యార్థులకు ఇదొక సమాధానం.

ఆఫ్‌సెట్

రిమ్ము వెడల్పుకు సరిగ్గా నడిమి గీత నుండి, చక్రం హబ్బుకు ఆనే తలం ఎంత దూరంలో ఉందో చెప్పేది ఆఫ్‌సెట్. ఆ తలం వెలుపలి వైపుకు ఉంటే ధనాత్మకం, లోపలి వైపుకు ఉంటే రుణాత్మకం. రిమ్ము వెడల్పులో సగానికి ఆఫ్‌సెట్ కలిపితే చక్రం లోనికి ఎంత వస్తుందో, తీసివేస్తే వెలుపలికి ఎంత పోతుందో తెలుస్తుంది.

ఉదాహరణకు పాత చక్రం 5 అంగుళాల వెడల్పు, 30 ఆఫ్‌సెట్ అనుకుందాం. లోనికి 93.5, వెలుపలికి 33.5 మిల్లీమీటర్లు. కొత్తది 6 అంగుళాలు, 20 ఆఫ్‌సెట్ అయితే లోనికి 96.2, వెలుపలికి 56.2. లోపల పెరిగింది 2.7 మాత్రమే గాని, వెలుపల 22.7. మినీ మడ్‌గార్డు అంచుకు అది చాలా ఎక్కువ.

బ్రేకులు, టైర్లు

1984 తరువాతి మినీలకు ముందు వైపు 8.4 అంగుళాల డిస్కు బ్రేకులు ఉంటాయి. 10 లోంచి 8.4 తీసివేసి చోటున్నదనుకోవడం పొరపాటు. చక్రానికి చెప్పే అంగుళాలు టైరు కూర్చొనే చోటి కొలత, లోపలి ఖాళీ అంతకంటె తక్కువ. పైగా డిస్కును పట్టుకొనే బ్రేకు కాలిపర్ డిస్కు అంచు దాటి ఉంటుంది. అందుచేత ఈ కార్లకు పాతకాలపు 10 అంగుళాల చక్రాలు ఎక్కవు. పాత కూపర్ ఎస్ డిస్కులు 7.5 అంగుళాలు కనుక వాటికి ఎక్కేవి.

టైరుతో కలిపి మొత్తం వ్యాసం కూడా చూడాలి. 145/70 ఆర్12 టైరు వ్యాసం దాదాపు 508 మిల్లీమీటర్లు, 175/50 ఆర్13 టైరుది 505. చక్రం పెద్దదైనా మొత్తం మారలేదు. అదే 195/50 ఆర్15 అయితే 576. గూటిలో పట్టకపోవడం అటుంచి, స్పీడోమీటరు 100 చూపినపుడు కారు 113 వేగంతో పోతుంటుంది.

అమర్చి చూడడం

బ్రిటన్‌లో 2018 మే నుండి, పెద్ద మార్పులు చేయని 40 ఏళ్లు దాటిన కార్లకు ఏటేటా జరిగే ఎంఓటీ పరీక్ష తప్పనిసరి కాదు. ఆ మినహాయింపు వాడుకొనేవారి కారులో టైరు ఒరుసుకొనేదీ లేనిదీ చూసే పరీక్షకుడు ఉండడు, యజమానే చూసుకోవాలి. చక్రాలు మార్చిన సంగతి బీమా సంస్థకు తెలపాలి.

ముందుగా టైరు లేని ఒట్టి చక్రాన్ని బిగించి, బ్రేకు కాలిపర్ మీద పిల్లలు ఆడుకొనే బంకమట్టి ముద్దలు అంటించి చేతితో తిప్పాలి. అణగిన తరువాత ముద్ద ఎంత మందం మిగిలిందో అంతే సందు ఉన్నట్లు. తరువాత టైరుతో బిగించి, కారును నేలపై దించి, మనుషులను కూర్చోబెట్టి, స్టీరింగును రెండు కొసలకూ తిప్పి చూడాలి. చాలా మినీలకు సస్పెన్షన్‌గా స్ప్రింగులకు బదులు రబ్బరు శంఖువులు ఉంటాయి. అవి ఏళ్లు గడిచేకొద్దీ అణగి కారు కిందికి దిగుతుంది కనుక, ఒక మినీకి సరిపోయిన చక్రం అదే ఏటి మరొక మినీకి ఒరుసుకోవచ్చు.

అల్లాయ్ చక్రానికి ఉక్కు చక్రపు నట్లు వాడరాదు, చక్రంతో పాటు ఇచ్చినవే వాడాలి. అవి స్టడ్డు మీద ఎన్ని చుట్లు పడుతున్నాయో లెక్కించాలి. ఇంచుమించు స్టడ్డు వ్యాసమంత పొడవైనా పట్టు దొరకాలి. మొదటి 50 నుండి 100 కిలోమీటర్ల ప్రయాణం తరువాత నట్లను టార్క్ పానాతో మరొకసారి సరిచూడాలి.