బోనులో పాట: యంగ్ థగ్ కేసు, కుట్ర చట్టం, కవితా పఠనం

2024 అక్టోబరు 31న, అట్లాంటాలోని ఫుల్టన్ కౌంటీ న్యాయస్థానంలో జెఫ్రీ విలియమ్స్ అనే 33 ఏళ్ళ గాయకుడు తనపై ఉన్న అభియోగాలలో ఆరింటిని అంగీకరించాడు. మరి రెండింటిని ఒప్పుకోకుండా, కాదనకుండా, వాటికి పడే శిక్షను మాత్రం స్వీకరిస్తానన్నాడు. 900 రోజులకు పైగా జైలులో గడిపిన ఆ మనిషి ఆ రాత్రే బయటికి వచ్చాడు. సంగీత ప్రపంచం అతన్ని యంగ్ థగ్ అన్న పేరుతో ఎరుగును. జార్జియా రాష్ట్ర చరిత్రలో అత్యంత దీర్ఘకాలం సాగిన క్రిమినల్ విచారణగా పేరుబడ్డ ఈ కేసు గాసిప్పులకూ వార్తలకూ కావలసినంత సరుకు అందించింది. కానీ సాహిత్యంతో పరిచయమున్నవారు ఆగి ఆలోచించవలసిన ప్రశ్న ఒకటి అందులో ఉంది: పాటలో 'నేను' అన్నవాడు, బోనులో నిలబడ్డవాడు ఒకరేనా? ఆ సంగతి తేల్చవలసింది ఎవరు, ఏ కొలమానంతో?

ఒకే పొడి అక్షరాలు, రెండు అర్థాలు

విలియమ్స్ 1991లో అట్లాంటాలో పుట్టాడు. దక్షిణ అట్లాంటాలో, ప్రభుత్వం పేదలకు కట్టించిన జోన్స్‌బరో సౌత్ ఇళ్ళ సముదాయంలో పెరిగాడు. మాటను సాగదీసి, విరిచి, ఒక్కోసారి అర్థాన్ని పూర్తిగా వదిలేసి ధ్వనినే వాహికగా చేసుకున్న అతని గాత్రం 2010ల నాటి ర్యాప్ సంగీతాన్ని గట్టిగా ప్రభావితం చేసింది. చైల్డిష్ గాంబినో పాడిన 'దిస్ ఈజ్ అమెరికా' రచయితలలో అతనూ ఒకడు. 2019లో ఆ పాటకు గ్రామీ పురస్కారం వచ్చింది.

2016లో అతను వై.ఎస్.ఎల్. అనే రికార్డింగ్ సంస్థను ప్రారంభించాడు. ఆ పొడి అక్షరాలకు సంస్థ చెప్పే విస్తరణ 'యంగ్ స్టోనర్ లైఫ్'. ప్రాసిక్యూషన్ చెప్పే విస్తరణ వేరు: 'యంగ్ స్లైమ్ లైఫ్'. అది 2012 చివర్లో అట్లాంటా క్లీవ్‌లాండ్ అవెన్యూ ప్రాంతంలో పుట్టిన ముఠా అనీ, బ్లడ్స్ అనే పెద్ద ముఠాతో దానికి సంబంధం ఉందనీ, దాని స్థాపకులలో విలియమ్స్ ఒకడనీ ఆరోపణ. 2022 మే 9న అతన్ని అరెస్టు చేసినప్పుడు అభియోగపత్రంలో 28 మంది పేర్లు, 56 అభియోగాలు ఉన్నాయి. హత్యలు, హత్యాయత్నాలు, దోపిడీలు, మాదకద్రవ్యాలు అందులో ఉన్నాయి. విలియమ్స్ మీద హత్యానేరం మోపలేదు. అయితే 2015 జనవరిలో ప్రత్యర్థి ముఠాకు చెందినవాడంటున్న ఒక వ్యక్తి హత్యకు, విలియమ్స్ అద్దెకు తీసుకున్న కారును వాడారని ప్రాసిక్యూషన్ వాదించింది.

చనిపోయిన మనుషులు నిజం, వాళ్ళ తల్లుల శోకం నిజం. పాటల స్వేచ్ఛ గురించి మాట్లాడేటప్పుడు ఈ సంగతిని పక్కకు నెట్టడం న్యాయం కాదు.

రీకో ఎలా పనిచేస్తుంది?

ఈ కేసుకు వెన్నెముక రీకో చట్టం. మాఫియా నాయకులు తమ చేతులకు మట్టి అంటకుండా కింది వారితో నేరాలు చేయించి తప్పించుకుంటున్నారని, అమెరికా కాంగ్రెస్ 1970లో ఈ చట్టం చేసింది. జార్జియా 1980లో తన సొంత రీకో చట్టాన్ని తెచ్చుకుంది. భారతదేశంలో 1999 నాటి మహారాష్ట్ర వ్యవస్థీకృత నేర నియంత్రణ చట్టం వీటికి దగ్గరి చుట్టమే.

మామూలు నేర విచారణలో ఒక నేరం, ఒక రోజు, ఒక స్థలం, ఒక నిందితుడు ఉంటాయి. రీకోలో ముందుగా ఉండేది ఒక 'సంస్థ'. అది కంపెనీ కావచ్చు, ముఠా కావచ్చు, పాఠశాలల యంత్రాంగం కూడా కావచ్చు. అట్లాంటా ప్రభుత్వ పాఠశాలలలో విద్యార్థుల జవాబు పత్రాలు దిద్దిన వ్యవహారంలో 2013లో 35 మంది మీద ఈ చట్టం కిందే కేసు పెట్టారు. ఆ కేసు నడిపిన ప్రాసిక్యూటర్లలో ఒకరు ఫానీ విల్లిస్. తరువాత ఫుల్టన్ కౌంటీ డిస్ట్రిక్ట్ అటార్నీగా ఎన్నికైన ఆమే వై.ఎస్.ఎల్. కేసునూ, 2023 ఆగస్టులో డొనాల్డ్ ట్రంప్‌తో సహా 19 మంది మీద ఎన్నికల కేసునూ ఇదే చట్టం కింద పెట్టారు.

సమాఖ్య చట్టం కన్నా జార్జియా చట్టం విశాలమైనది. నేర వ్యవహారం చాలాకాలం సాగిందని నిరూపించవలసిన పని లేదు. కుట్ర అభియోగానికైతే, ఆ కుట్ర ఉద్దేశాన్ని ముందుకు తీసుకుపోయే 'బహిరంగ చర్య' ఒకటి, కుట్రదారులలో ఎవరో ఒకరు చేసినా చాలు. ఆ చర్య తనంతట తాను నేరం కానక్కరలేదు. ఒక ఫోన్ పిలుపు, ఒక ప్రయాణం, ఒక ఫోటో, ఏదైనా కావచ్చు. శిక్ష 5 నుండి 20 ఏళ్ళ వరకు ఉంటుంది.

ఇక్కడే పాట ప్రవేశించింది. వై.ఎస్.ఎల్. అభియోగపత్రంలో పాటల చరణాలనూ, వీడియోలనూ, సామాజిక మాధ్యమాల్లో పెట్టిన మాటలనూ కుట్రను ముందుకు నడిపిన బహిరంగ చర్యలుగా చేర్చారు. ఈ తేడా గమనించాలి. పాటను సాక్ష్యంగా చూపడం ఒకటి. పాట పాడడాన్నే కుట్రలో ఒక అడుగుగా లెక్కించడం మరొకటి. మొదటి సందర్భంలో 'ఈ పాట దేనిని నిరూపిస్తుంది?' అని అడగవచ్చు. రెండవ సందర్భంలో ఆ ప్రశ్నకు చోటు చాలా తగ్గిపోతుంది. పాట అప్పటికే చేతగా మారిపోయి ఉంటుంది.

న్యాయమూర్తి ఉత్తర్వు

పాటలో నేరాన్ని ఒప్పుకునేవారుంటే దాన్ని వాడుకుని తీరుతానని ఫానీ విల్లిస్ 2022 ఆగస్టులో నిర్మొహమాటంగా ప్రకటించారు. చట్టం దృష్టిలో అది తీసిపారేయదగిన మాట కాదు. భావస్వేచ్ఛను కాపాడే మొదటి రాజ్యాంగ సవరణ, నేరాన్నో నేరోద్దేశాన్నో నిరూపించడానికి నిందితుడి మాటలను సాక్ష్యంగా వాడడాన్ని అడ్డుకోదని 1993లో విస్కాన్సిన్ వర్సెస్ మిచెల్ తీర్పులో అమెరికా సుప్రీం కోర్టు చెప్పింది.

2023 నవంబరులో న్యాయమూర్తి యూరల్ గ్లాన్‌విల్ ప్రాసిక్యూషన్ ఎంచుకున్న 17 చరణ భాగాలను షరతులతో అనుమతించారు. నిందితులను పాటలు రాసినందుకు విచారించడం లేదు, వారు పాల్గొన్నారంటున్న ఇతర విషయాలను నిరూపించడానికి పాటలను వాడుతున్నారు అన్నది ఆయన తర్కం. తర్కం సూటిగానే ఉంది. చిక్కంతా ఆ పాటను చదివే పద్ధతిలో ఉంది.

కవిసమయం, కఠిన వాస్తవం

చకోరం వెన్నెల తాగుతుందని రాసిన కవిని, ఎప్పుడు చూశావని మనం నిలదీయం. అది కవిసమయం అని మనకు తెలుసు. శ్రీనాథుడి పేరున ప్రచారంలో ఉన్న చాటువుల ఆధారంగా ఆయన దినచర్యను తేల్చబూనుకుంటే పండితులు ఊరుకోరు. ట్రాప్ సంగీతానికీ తనవైన కవిసమయాలు ఉన్నాయి: తుపాకీ, డబ్బు, ద్రోహం చేసిన మిత్రుడు, వెనక్కి తగ్గని మగతనం. ఈ సరంజామా లేకుండా ఆ కళారూపంలో పాట నడవడం అరుదు. పదిమంది గాయకులు అదే ప్రగల్భాన్ని పలికినప్పుడు, వారిలో ఒకరి ప్రగల్భాన్ని మాత్రం వాంగ్మూలంగా తీసుకోవడానికి పాటకు బయట వేరే ఆధారం కావాలి.

అయితే ఈ పోలిక ఇక్కడితో ఆగితే అది అర్ధసత్యమే. పౌరాణిక నాటకంలో దుర్యోధన పాత్ర వేసినవాడు తెర దిగాక కిరీటం తీసేస్తాడు. ర్యాపర్ అలా తీసెయ్యడు. తాను పాడేదంతా తన బతుకేనన్న ప్రమాణమే ఆ కళకు పెట్టుబడి. శ్రోతా దానికే డబ్బు పెడతాడు. ముఠాల మధ్య పాట నిజంగానే బెదిరింపుగా, కవ్వింపుగా పనిచేసిన సందర్భాలూ ఉన్నాయి. కాబట్టి 'ఇదంతా కల్పన' అన్న జవాబు సరిపోదు. డిఫెన్స్ న్యాయవాది బ్రయన్ స్టీల్, 'థగ్' అన్న పేరుకు దైవం ముందు వినయంగా ఉండడమనే అర్థం వచ్చే విస్తరణ చెప్పినప్పుడు విన్నవారిలో చాలామంది నవ్వుకున్నారు. ఒక పక్షం పాటను ఒప్పుకోలు పత్రంగా చదివితే, మరో పక్షం ప్రార్థనా గీతంగా చదివింది. అటు ప్రాసిక్యూషన్ తన ప్రారంభోపన్యాసాన్ని కిప్లింగ్ 'జంగిల్ బుక్'లోని తోడేళ్ళ ధర్మం గురించిన పద్యంతో మొదలుపెట్టింది. ఆ పద్యాన్ని ఉపమానంగా వినాలని అందరికీ తెలుసు. ర్యాప్ చరణానికి మాత్రం ఆ వెసులుబాటు సులభంగా దొరకదు.

ఎందుకు దొరకదన్న దానికి ఒక పాత పరిశోధన కొంత సమాధానం ఇస్తుంది. మనస్తత్వ శాస్త్రవేత్త కారీ ఫ్రీడ్ 1996లో ప్రచురించిన అధ్యయనంలో, పోలీసును చంపినవాడి గురించి 1960 ప్రాంతాల్లో కింగ్‌స్టన్ ట్రయో అనే జానపద బృందం పాడిన పాట మాటలను కొందరికి ర్యాప్ అనీ, కొందరికి కంట్రీ సంగీతమనీ చెప్పి ఇచ్చారు. మాటలు అవే. ర్యాప్ అనుకుని చదివినవారికి అవి ఎక్కువ ప్రమాదకరంగా కనిపించాయి. 2016లో ఇతర పరిశోధకులు తిరిగి చేసినప్పుడూ దాదాపు ఇదే ఫలితం వచ్చింది.

ప్రయోగశాలలో ఇది ఒక గణాంకం. న్యాయస్థానంలో ఇది ఒక మనిషి బతుకు. లూయిజియానా గాయకుడు మెకిన్లీ ఫిప్స్ కేసులో ప్రాసిక్యూటర్ వేర్వేరు పాటల ముక్కలను ఒకే మాటలా కలిపి జ్యూరీకి వినిపించాడు. కాల్చింది తానేనని మరొక వ్యక్తి ముందుకు వచ్చినా ఫలితం లేకపోయింది. 2001లో 30 ఏళ్ళ శిక్ష పడిన ఫిప్స్‌కు 2021లో గాని క్షమాభిక్ష దక్కలేదు.

మన జ్ఞాపకంలో ఒక కేసు

పాట కుట్రలో భాగమన్న వాదన తెలుగువారికి కొత్తది కాదు. 1974లో పెట్టిన సికింద్రాబాద్ కుట్ర కేసులో విప్లవ రచయితల సంఘానికి చెందిన కవులు, రచయితలు నిందితులయ్యారు; వారి రచనలూ ప్రసంగాలూ కుట్రకు సాధనాలన్నది అభియోగం. 1989లో ఆ కేసు వీగిపోయే నాటికి నిందితులలో ఒకరైన చెరబండరాజు చనిపోయి ఏడేళ్ళు గడిచాయి.

ఈ రెండు కేసులూ ఒకటి కావు. అక్కడ రాజకీయ విశ్వాసం, ఇక్కడ వీధి ముఠాలు, సంగీత వ్యాపారం. కానీ చట్టం కదలికలో పోలిక ఉంది. కుట్ర అభియోగం విస్తారమైన వల. అందులో చేత, మాట రెండూ పడతాయి. విచారణ ఎంత సాగితే, తీర్పుతో నిమిత్తం లేకుండా శిక్ష అంత అనుభవంలోకి వస్తుంది.

విచారణ నడిచిన తీరు

వై.ఎస్.ఎల్. కేసులో జ్యూరీ ఎంపికకే దాదాపు 10 నెలలు పట్టింది. 28 మందిలో తొమ్మిదిమంది విచారణకు ముందే ఒప్పందాలు చేసుకున్నారు; 2023 నవంబరు 27న వాదనలు మొదలయ్యేసరికి బోనులో మిగిలింది ఆరుగురు. 2024 జూన్‌లో న్యాయమూర్తి, ప్రాసిక్యూటర్లు ఒక సాక్షితో డిఫెన్స్ పరోక్షంలో సమావేశమైన సంగతి తనకెలా తెలిసిందో చెప్పనందుకు స్టీల్‌ను కోర్టు ధిక్కారం కింద శిక్షించారు. జార్జియా సుప్రీం కోర్టు దాన్ని తరువాత కొట్టివేసింది. జూలైలో గ్లాన్‌విల్‌ను కేసు నుండి తప్పించారు. చివరికి న్యాయమూర్తి పేజ్ రీస్ విటేకర్ ముందు విలియమ్స్ ముఠా కార్యకలాపాల్లో పాల్గొన్నట్టు, మాదకద్రవ్యాలు, ఆయుధాల నేరాలు చేసినట్టు ఒప్పుకున్నాడు. రీకో కుట్ర, ముఠా నాయకత్వం అన్న రెండింటినే ఒప్పుకోకుండా వదిలేశాడు. ప్రాసిక్యూషన్ 25 ఏళ్ళ జైలు కోరగా, ఆమె అప్పటికి గడిపిన కాలాన్నే జైలు శిక్షగా లెక్కించి 15 ఏళ్ళ ప్రొబేషన్ విధించారు. దాన్ని ఉల్లంఘిస్తే మరో 20 ఏళ్ళు పొంచి ఉన్నాయి. డిసెంబరు 3న జ్యూరీ, మిగిలిన ఇద్దరినీ హత్య, రీకో అభియోగాలనుండి విముక్తులను చేసింది. ఒకరిపై ఆయుధం కలిగి ఉన్న నేరం ఒక్కటే నిలిచింది.

నేరాంగీకారంతో విలియమ్స్ విషయంలో పాటల ప్రశ్న పై న్యాయస్థానానికి వెళ్ళకుండానే ముగిసింది.

ఒక కొలమానం

జవాబు మరెక్కడో కొంత దొరుకుతుంది. 2014లో న్యూజెర్సీ సుప్రీం కోర్టు స్కిన్నర్ కేసులో, పాటలోని నిర్దిష్ట వివరానికీ విచారిస్తున్న నేరానికీ బలమైన లంకె ఉంటేనే అటువంటి రచన సాక్ష్యానికి పనికివస్తుందని చెప్పింది. పాట రాసినందుకు బాబ్ మార్లీ నిజంగా షెరీఫ్‌ను కాల్చాడని ఎవరూ అనుకోరు కదా అని గుర్తుచేసింది. కాలిఫోర్నియా 2022లో చేసిన చట్టం, కళాకృతిని జ్యూరీ ముందుకు తేబోయే ముందు దానివల్ల కలిగే దురభిప్రాయాన్ని న్యాయమూర్తి తూచి చూడాలంటుంది. ఇటువంటి రక్షణను దేశమంతటికీ ఇచ్చే బిల్లు అదే ఏడాది కాంగ్రెస్‌లో ప్రవేశించినా చట్టం కాలేదు.

స్కిన్నర్ కొలమానం పాటకు మినహాయింపు ఇవ్వదు. హంతకుడికి మాత్రమే తెలిసే వివరం పాటలో ఉంటే అది సాక్ష్యమే. అద్దె కారు రసీదు ఒక తేదీకీ ఒక బండికీ కట్టుబడి ఉంటుంది. పాట కూడా అలా దేనికైనా కట్టుబడి ఉందా అన్నదే ప్రశ్న.

ఇది దూరపు వ్యవహారం కాదు. తెలుగువారు గణనీయంగా స్థిరపడిన ఆల్ఫరెటా, జాన్స్ క్రీక్ పట్టణాలు ఫుల్టన్ కౌంటీలోనివే. భారతదేశంలో జ్యూరీ పద్ధతి ఎప్పుడో కనుమరుగైంది గాని, అమెరికా పౌరసత్వం తీసుకున్న తెలుగువారి ఇంటికి ఏదో ఒక రోజు జ్యూరీ పిలుపు వస్తుంది. తమకు పరిచయం లేని యాసలో, తమకు నచ్చని సంగీతంలో ఉన్న నాలుగు చరణాలు విని ఒక అపరిచితుడి భవిష్యత్తు తేల్చవలసి వస్తుంది. ఆ పూట అవసరమయ్యేది మెచ్చుకోలు కాదు. 'నేను' అన్న మాట వెనుక ఎవరున్నారని అడిగే ఓపిక. సాహిత్యం చదువుకున్నవారికి అది కొత్తగా నేర్చుకోవలసిన విద్య కాదు.