కొండల నడుమ హ్రస్వతరంగములు

లోయలలో నివసించువారు తమ రేడియోపెట్టె సరిగా పలుకనిచో, “కొండ అడ్డము వచ్చినది” అని సరిపెట్టుకొందురు. ఆ మాటలో నిజము లేకపోలేదు. కాని కొండ దేనికి అడ్డమగునో, దేనికి కాదో విచారించినవారు తక్కువ. ఒకే లోయలో, ఒకే పెట్టెయందు, దూరదేశపు కేంద్రము మూగవోవుచుండగా, చేరువ కేంద్రము పది కొండల కావల నున్నను స్పష్టముగ వినబడుట కలదు. దీని కారణము కనుగొనుటకు కోణమాపక మొక్కటి చాలును.

వెలుగునకు నీడ యున్నట్లే రేడియో తరంగములకును నీడ కలదు. ఆ నీడ యెంత చిక్కనిదో తరంగపు పొడవును బట్టి యుండును. 300 మీటర్ల పొడవుగల మీడియము వేవు తరంగము గుట్టమీదుగా వంగి ఆవలివైపునకు కొంతవరకు దిగగలదు. 3 మీటర్ల ఎఫ్.ఎం. తరంగ మంతగా వంగనేరదు. పెట్టెలమీద షార్టు వేవు అని వ్రాయబడు హ్రస్వతరంగములు 10 మీటర్లు మొదలు 100 మీటర్ల వరకు పొడవు కలవై, ఈ రెంటికిని నడుమ నున్నవి. నేల నంటి పోవు వాని భాగము రాతినేలయందును మిట్టపల్లములయందును త్వరలోనే క్షీణించును. కొండసీమలో దానిని నమ్ముకొనరాదు.

హ్రస్వతరంగముల బలమంతయు ఆకాశమార్గముననే యున్నది. భూమికి చాల యెత్తున, సూర్యకిరణముల వలన వాయువులు విద్యుత్కణములుగా విడిపోయిన పొరలు కలవు. ఈ ప్రదేశమునకు అయనావరణమని పేరు. ఇట్టిది యుండవలెనని 1902 లో కెన్నెలీ, హెవిసైడ్ అను నిరువురు వేర్వేరుగా ఊహించిరి. ఆపిల్టన్ 1924 లో ప్రయోగము చేసి దానిని నిరూపించి, 1947 లో నోబెల్ బహుమానము నందెను. హ్రస్వతరంగములను దూరమునకు మరల్చు పొర సుమారు 300 కిలోమీటర్ల యెత్తున నుండును. ఎవరెస్టు శిఖరపు టెత్తు 8,849 మీటర్లు. అనగా ఆ పొర దానికి 30 రెట్లకు మించిన యెత్తున నున్నది. అచ్చట మరలి దిగు తరంగమునకు నడిదారిలోని కొండలు లెక్కలోనివి కావు. మన పెరటి కొండయే లెక్కకు వచ్చును.

ఏలయన, తరంగము ఏ వాలున దిగుచున్నదను నదియే ముఖ్యము. పొర 300 కిలోమీటర్ల యెత్తున నున్నదనుకొని లెక్కించిన, 500 కిలోమీటర్ల దూరపు కేంద్రమునుండి వచ్చు తరంగము సుమారు 48 డిగ్రీల కోణమున దిగును. 1,000 కిలోమీటర్లకు 28 డిగ్రీలు, 2,000 కిలోమీటర్లకు 12 డిగ్రీలు, 3,000 కిలోమీటర్లకు 4 డిగ్రీలు మాత్రమే. దూరము హెచ్చినకొలది తరంగము నేలకు వ్రాలి వచ్చునన్నమాట. ఇక లోయనుండి 500 మీటర్ల యెత్తు లేచిన కొండ 1 కిలోమీటరు దూరముననున్నచో, దాని కొన 26 డిగ్రీలకు పైగా ఎత్తున కనబడును. అదే కొండ 5 కిలోమీటర్ల దూరమున నున్నచో 6 డిగ్రీలకు లోపే. మొదటి యిల్లు 2,000 కిలోమీటర్ల కేంద్రమునకు పూర్తిగా నీడలో నున్నది. రెండవ యింటికి అడ్డములేదు. ఇల్లు మారినది గాని కొండ మారలేదు.

అరకు లోయవంటి చోట్లనుండి వచ్చిన విద్యార్థులు సెలవులలో దీనిని పరీక్షింపవచ్చును. కోణమాపకపు నడిమి చుక్కకు దారము కట్టి, దాని కొనకొక రాయి వ్రేలాడదీయవలెను. తిన్నని యంచు వెంబడి కొండకొనను చూడవలెను. దారము 90 డిగ్రీల గీతనుండి ఎన్ని డిగ్రీలు తొలగునో, కొండ అన్ని డిగ్రీల యెత్తున నున్నది. కేంద్రమున్న దిక్కునకే ఈ కొలత తీయవలెను. వెనుకనున్న కొండ దారి కడ్డముగా నుండదు.

1953 లోని ఎవరెస్టు యాత్ర దీనికి మంచి సాక్ష్యము. ఋతుపవనములు రాకమునుపే ఎక్కి దిగవలసిన ఆ యాత్రికులకు వాతావరణ సూచన ప్రాణముతో సమానము. ఆల్ ఇండియా రేడియో వారికొరకు ప్రత్యేక సూచనలను ప్రసారము చేసెను. 7,861 మీటర్ల నుప్ట్సే, 7,161 మీటర్ల పుమోరీ మొదలగు శిఖరముల క్రింద, సుమారు 5,400 మీటర్ల యెత్తున నున్న మూలశిబిరమున వారు రేడియో వినుచుండిరి. మే 29 న హిల్లరీ, టెన్సింగు శిఖరమెక్కిరి. ఆ వార్తను వార్తాహరుడు కాలినడకను నాంచే బజారునకు తెచ్చెను. అచ్చటి భారత పోలీసు వైర్‌లెస్ ఠాణానుండి అది కాట్మండునకు పోయెను. ఈ రెండూళ్ల నడుమ దూరము సుమారు 137 కిలోమీటర్లు. ఎన్నో కొండబారులు అడ్డము. అయినను ఇంత చేరువకు పొరనుండి దిగు తరంగము 75 డిగ్రీలకు మించిన కోణమున, ఇంచుమించు నడినెత్తిననే దిగును. జూన్ 2 న లండను పత్రికలో వార్త ప్రకటింపబడినదని యాత్రికులు తమ శిబిరముననే రేడియోలో వినిరి.

ఇట నొక చిక్కు కలదు. నిట్టనిలువుగా పోవు తరంగము అతి హ్రస్వమైనచో పొరను చీల్చుకొని అంతరిక్షమునకు పోవును. కావున చేరువ కేంద్రములకు పొడవైన తరంగములే తగును: పగలు 41 మీటర్ల ప్రాంతము, రాత్రి పొర పలుచబడును గనుక 60 మీటర్లు, ఒకప్పుడు అంతకు మించినవి. పగటివేళ మరియు పొడవైన వాటిని వాడుదమన్న, క్రింది పొర వానిని మ్రింగివేయును. నేడు హ్రస్వతరంగ కేంద్రములు మునుపటికంటె తక్కువగుటచే, వినువారు వేళనెరిగి వెదకుట మరింత అవసరమైనది.

ఏరియలు విషయమున చాలమంది చువ్వను నిలువుగా లాగి నిలిపెదరు. నిలువు చువ్వ తన నెత్తిమీదుగా దిగు తరంగమును సరిగా గ్రహింపదు. లోయవారు దానిని అడ్డముగా వంచవలెను. లేదా బట్టలారవేయు తీగవలె పది మీటర్ల తీగను రెండు గుంజలకు కట్టవలెను. అది రెండు మూడు మీటర్ల యెత్తున నున్న చాలును. ఉరుములు మొదలుకాక మునుపే పెట్టెనుండి ఆ తీగను విప్పివేయుట పిల్లలకు విడువక, పెద్దలే చూచుకొనవలెను.

నిలువు రాతిగోడ ప్రక్కనున్న యిండ్లలో మరియొక వింత జరుగును. తిన్నగా వచ్చిన తరంగమును, గోడకు తగిలి మరలిన తరంగమును కలిసి ఒకచోట ధ్వనిని పెంచి, మరియొకచోట తుంచివేయును. 50 మీటర్ల తరంగమునకు ఈ రెండు చోట్ల నడుమ పండ్రెండు పదమూడు మీటర్ల యెడముండవచ్చును. కావున వసారాలో పలుకని పెట్టెను పాడైనదని బాగుచేయించుటకు పంపక మునుపు, వాకిటి కావలికి తీసికొనిపోయి ఒకసారి వినవలెను.