కవరు పోయాక ఉత్తరం ఎవరిది?

ఈమెయిల్ పాఠం చెబుతుంటే ఒక అమ్మాయి అడిగింది: "బీసీసీలో పెట్టినవాళ్ళ పేరు ఉత్తరంలో ఎక్కడా ఉండదు కదా సార్, మరి అది వాళ్ళకెలా చేరుతుంది?" ఆ పాఠంలో ఇంతకన్నా మంచి ప్రశ్న లేదు. ఒకే బయటి మెయిల్ అకౌంటుతో ఆఫీసంతటి ఉత్తరాలూ నడిపిన రోజుల్లో అసలు చిక్కంతా ఇక్కడే వచ్చింది.

మన దేశంలో 1995 ఆగస్టు 15న విఎస్ఎన్ఎల్ ఇంటర్నెట్ ఇవ్వడం మొదలుపెట్టింది. ఆ డయలప్ రోజుల్లో లైను కలిసి ఉన్నంతసేపూ ఫోను బిల్లు పెరుగుతూనే ఉండేది. అందుకని ఆఫీసులో ఒక మూల లినక్స్ కంప్యూటరు ఒకటి పెట్టుకునేవారు. పక్క టేబులుకి వెళ్ళే మెయిల్ గడప దాటేది కాదు. బయటికి వెళ్ళేవి క్యూలో ఆగి, లైను కలవగానే ఒక్క ఊపున ఇంటర్నెట్ ఇచ్చే ఐఎస్‌పీ సర్వరుకి చేరేవి. పంపడం తేలికే. వచ్చినవాటిని పంచడంలోనే ఉంది తిరకాసు.

రెండు సర్వర్లు మాట్లాడుకునే తీరు చూడండి. 1982లో జాన్ పోస్టెల్ రాసిన ఎస్ఎంటీపీ పద్ధతి ఇది. పంపే సర్వరు "మెయిల్ ఫ్రమ్" అని పంపినవారి చిరునామా చెబుతుంది. తర్వాత "ఆర్‌సీపీటీ టు" అని చేరాల్సినవారిని ఒక్కొక్కరినే చెబుతుంది. అవతలి సర్వరు ప్రతిదానికీ 250 అంటుంది, అంటే సరే అని. ఆపైన "డేటా" అనగానే 354 వస్తుంది, ఇక చెప్పమని. అప్పుడు మొదలవుతుంది ఉత్తరం. ఒక లైనులో ఒంటరిగా చుక్క వస్తే ఉత్తరం అయిపోయినట్టు. ఉత్తరంలోనే ఏదైనా లైను చుక్కతో మొదలైతే? పంపే సర్వరు దానికి ముందు ఇంకో చుక్క చేరుస్తుంది, అందుకునేది తీసేస్తుంది. ఎంత ముచ్చటైన ఉపాయమో!

మనకు కనిపించే "టు", "సీసీ" లైన్లు డేటా తర్వాత వచ్చే ఉత్తరంలో భాగాలు. బట్వాడాకి వాటితో పనిలేదు. బీసీసీ పేరు ఆర్‌సీపీటీలో మాత్రమే వినిపిస్తుంది. ఆర్‌సీపీటీలో చెప్పే చిరునామానే కవరు మీది చిరునామా అంటారు.

ఉత్తరం మెయిల్ డబ్బాలో పడేసరికి ఆ కవరు పోతుంది. ఎవరి డబ్బా వారికి ఉంటే కవరు పోయినా ఫరవాలేదు, డబ్బాయే పేరు చెబుతుంది. ఆఫీసు డొమైనుకి వచ్చేదంతా ఒకే పాప్3 డబ్బాలో పడితే మాత్రం, ఇన్‌వార్డు గుమాస్తా కవర్లన్నీ చింపి పారేసి ఉత్తరాల కట్ట చేతికిచ్చినట్టే.

ఆ కట్ట తెచ్చి పంచే ప్రోగ్రాం ఫెచ్‌మెయిల్. కార్ల్ హారిస్ రాసిన పాప్‌క్లయింట్‌ను 1996లో ఎరిక్ రేమండ్ చేపట్టాడు. ఇంటి కంప్యూటరుకి మెయిల్ రావాలన్నదే ఆయన అవసరం. హ్యారీ హాక్‌హైజర్ ఒక సలహా, కొంత కోడూ పంపాడు: తెచ్చిన మెయిల్‌ను ఫైల్లో పడేయడం ఎందుకు, అదే కంప్యూటర్లో ఎస్ఎంటీపీ వినే 25వ పోర్టుకి, అప్పుడే బయటినుంచి వచ్చినట్టుగా, అప్పగిస్తే సరిపోదా? ఆ ఒక్క ఆలోచనతో ప్రోగ్రాం రూపమే మారిపోయింది. రేమండ్ దీన్ని ఉదాహరణగా తీసుకుని రాసిన వ్యాసం లోకమంతా చదివింది. నాకు మాత్రం ఆ 25వ పోర్టు ఉపాయమే ఎక్కువ ఇష్టం.

మరి కవరు? ఫెచ్‌మెయిల్ "టు", "సీసీ" చూసి ఊహించేది. మెయిలింగ్ లిస్టు ఉత్తరంలో ఆఫీసువాళ్ళ పేరే ఉండదు, అది మెయిల్ చూసుకునే పోస్ట్‌మాస్టర్ నెత్తిన పడేది. బీసీసీకీ అదే గతి. ఇద్దరికి వచ్చిన ఉత్తరం డబ్బాలో రెండు కాపీలుగా పడితే, రెండింటిలోనూ రెండు పేర్లూ ఉంటాయి కాబట్టి లెక్కకి నాలుగవుతాయి. అందుకే వరసగా వచ్చే కాపీల మెసేజ్-ఐడీ పోల్చి ఏరేయాల్సి వచ్చింది. కొన్ని సర్వర్లు "రిసీవ్డ్" లైనులో ఫలానావారి కోసం అని రాస్తాయి, కానీ సెండ్‌మెయిల్ అనే సర్వరు ప్రోగ్రాం గ్రహీత ఒక్కరే అయితేనే అలా రాస్తుంది. డేనియల్ బెర్న్‌స్టీన్ రాసిన క్యూమెయిల్ "డెలివర్డ్-టు" అనే లైను చేర్చి, కవరు మీది చిరునామాను ఉత్తరానికే అంటించింది. సిసలైన మందు ఇదే.

చార్లెస్ కాజబన్ పైథాన్‌లో రాసిన గెట్‌మెయిల్ ఇక్కడే పట్టుబట్టింది. కవరు చిరునామా ఏ హెడర్లో ఉందో చెప్పందే ఉమ్మడి డబ్బా పంచదు, ఊహకి తావే లేదు. పైగా 25వ పోర్టు చుట్టూ తిరగకుండా నేరుగా మెయిల్‌డిర్ అనే ఫోల్డర్లో వేసేస్తుంది. పంచడం విషయంలో నా ఓటు గెట్‌మెయిల్‌కే: తప్పు చేతిలో పడిన జీతం ఉత్తరాన్ని వెనక్కి తీసుకోలేం.

తర్వాత బ్రాడ్‌బ్యాండ్ వచ్చింది, మనిషికో డబ్బా చవకైంది, ఉమ్మడి డబ్బా అవసరం తగ్గింది. స్పామ్ దెబ్బకి చాలా ఐఎస్‌పీలు బయటికి వెళ్ళే 25వ పోర్టు మూసేశాయి. ఇప్పుడు స్కానర్లు, సీసీ కెమెరాలు పంపే హెచ్చరికలు 587వ పోర్టులో యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ చెప్పి ఒకే అకౌంటు గుండా బయటికి వెళుతున్నాయి. ఉమ్మడి డబ్బా లేకపోయినా ఉమ్మడి గుమ్మం ఇంకా ఉంది.