ఓడితే ఎందుకో చెప్పే పోటీ

ప్రాంగణ నియామకాల్లో గ్రూప్ డిస్కషన్ అయిపోతుంది. సాయంత్రానికి జాబితా పెడతారు. అందులో మీ పేరు ఉండదు, అంతే. ఇంగ్లిషు బాగాలేదా, పాయింట్లు చాల్లేదా, పక్కవాళ్ల మాటకు అడ్డొచ్చారా, అసలు నోరే తెరవలేదా? ఎవరూ చెప్పరు. కొడవలూరుకు తిరిగొచ్చే బస్సులో కూర్చుని మనమే ఊహించుకోవాలి. కారణం తెలియకపోతే తర్వాతి కంపెనీ వచ్చినప్పుడూ అదే తప్పు చేస్తాం.

విద్యార్థుల డిబేట్ పోటీల్లో సాధారణంగా అలా కుదరదు. రౌండ్ అయ్యాక జడ్జి ఏ జట్టు ఎన్నో స్థానంలో ఉందో చెప్పి, ఎందుకో కూడా వివరిస్తారు. తర్వాత విడిగా అడిగితే మీ ప్రసంగంలో ఎక్కడ తేలిపోయిందో చెబుతారు. చివరి రౌండ్ల ఫలితం మాత్రం అక్కడికక్కడే చెప్పకపోవచ్చు. ఉద్యోగం వెతుక్కునేవాళ్లకు కప్పు కంటే ఈ పది నిమిషాలే విలువైనవి.

ఆగస్టు 15కు కాలేజీలో పెట్టే వక్తృత్వ పోటీ లాంటిది కాదిది. అక్కడ వారం ముందే టాపిక్ ఇస్తారు, బట్టీ పట్టి అప్పజెప్తాం. ఇక్కడ బ్రిటిష్ పార్లమెంటరీ పద్ధతిలో అయితే టాపిక్ చెప్పాక మీకుండేది 15 నిమిషాలు. జట్టుకు ఇద్దరు, మొత్తం నాలుగు జట్లు. రెండు అనుకూలం, రెండు వ్యతిరేకం. ఏ వైపు మాట్లాడాలో మీరు ఎంచుకోలేరు. ఒక్కొక్కరికి 7 నిమిషాలు. మొదటి నిమిషం, చివరి నిమిషం తప్ప మధ్యలో ఎప్పుడైనా అవతలివాళ్లు ప్రశ్న వేయొచ్చు. తీసుకోవాలా వద్దా అన్నది మీ ఇష్టం. మొదటి స్థానానికి 3 పాయింట్లు, చివరి స్థానానికి సున్నా. ఆసియా పార్లమెంటరీ పద్ధతిలో రెండే జట్లు, జట్టుకు ముగ్గురు. తయారీకి అరగంట దొరుకుతుంది.

ప్రపంచ విశ్వవిద్యాలయాల డిబేట్ చాంపియన్‌షిప్ 2014లో చెన్నైలోనే జరిగింది. నెల్లూరు నుంచి రైలెక్కితే దాదాపు మూడు గంటలు. అయినా మన ప్రాంతపు డిగ్రీ విద్యార్థులకు అది చాలా దూరం. ప్రయాణం, బస, ఫీజు అన్నీ ఖర్చే. కొవిడ్ ఆ దూరాన్ని తగ్గించింది. 2021లో కొరియా, 2022లో బెల్‌గ్రేడ్ ఆతిథ్యమిచ్చిన ప్రపంచ పోటీలు ఆన్‌లైన్‌లోనే జరిగాయి. కాలేజీ డిబేట్ సొసైటీలు కూడా జూమ్, డిస్కార్డ్‌ల మీద పోటీలు పెట్టడం నేర్చుకున్నాయి. వాటిలో కొన్ని కొత్తవాళ్ల కోసమే. ఇంకొన్నింట్లో ‘నోవిస్’ పేరుతో కొత్తవాళ్లకు వేరే విభాగం ఉంటుంది. ఎవరిని కొత్తవాళ్లుగా లెక్కిస్తారన్నది ఒక్కో పోటీకి ఒక్కోలా ఉంటుంది కాబట్టి నిబంధనలు చదివాకే పేరివ్వండి.

మన ఊరి చెరువుతోనే మొదలు

అభ్యాసానికి దూరపు టాపిక్ అక్కర్లేదు. ‘వరి పొలాలను రొయ్యల చెరువులుగా మార్చడాన్ని ప్రభుత్వం నిషేధించాలి’ అనే తీర్మానం తీసుకోండి. అనుకూలంగా మాట్లాడమంటే మనలో చాలామంది “పర్యావరణం పాడవుతుంది, రైతులు నష్టపోతారు” అని ఆగిపోతారు. జడ్జి అడిగేది: ఎలా? ఏ రైతు?

ఇలా చెప్పి చూడండి. ఒకరు చెరువు తవ్వి ఉప్పునీరు పెడితే అది పక్క పొలంలోకి ఊరుతుంది. ఆ పక్క రైతుకు వరి సరిగా పండదు. చివరికి ఆయన కూడా పొలాన్ని చెరువుకు లీజుకివ్వాల్సి వస్తుంది. అంటే ఒకరి ఇష్టం ఇంకొకరి ఇష్టాన్ని లాగేసుకుంది. ప్రభుత్వం ఎందుకు కలగజేసుకోవాలన్నదానికి ఇప్పుడు కారణం దొరికింది. నాట్లకు వెళ్లే ఆడకూలీలకు చెరువు గట్టున అంత పని ఉండదన్నది రెండో మెట్టు.

ఇప్పుడు అటువైపు కూర్చోండి. రొయ్యల మీద ఆధారపడి మేత, ఐసు, ప్రాసెసింగ్ పనులున్నాయి. నిషేధిస్తే ఆ కూలీల సంగతేంటి? సమస్య ఉప్పునీరైతే చెరువులకు హద్దులు పెట్టండి, మురుగు కాల్వలు వేయండి, మొత్తం ఆపడమెందుకు? ఇది కూడా గట్టి వాదనే. ఏ నష్టం పెద్దదో, దేన్ని తర్వాత సరిదిద్దుకోగలమో పోల్చి చెప్పిన జట్టు ముందుకెళ్తుంది. పోయిన పంట మళ్లీ ఏడాది వస్తుంది, ఉప్పుపట్టిన నేల అంత త్వరగా తేరుకోదు అని ఒకరంటే, దానికి అవతలివాళ్లు జవాబు చెప్పాలి. మేనేజరు ముందు ఒక నిర్ణయాన్ని సమర్థించాల్సి వచ్చినప్పుడు చేసేదీ ఇదే.

ఇంగ్లిషు మాటేమిటి? ఈ పోటీలు ఎక్కువగా ఇంగ్లిషులోనే జరుగుతాయి, అది నిజం. కానీ యాసకు మార్కులు తగ్గించకూడదు. జడ్జి చూడాల్సింది వాదన అర్థమైందా, నమ్మేలా ఉందా అనే. ప్రపంచ పోటీల్లో ఇంగ్లిషు మాతృభాష కానివాళ్లకు ప్రత్యేక విభాగాలే ఉన్నాయి. చిన్న వాక్యాలు మాట్లాడండి. ముందు తెలుగులో ఆలోచించి కాగితం మీద మూడు ముక్కలు రాసుకున్నా తప్పులేదు. తయారీ సమయంలో ఇంటర్నెట్‌లో వెతకడం మాత్రం చాలాచోట్ల నిషిద్ధం.

డబ్బు కట్టే ముందు

కొత్తవాళ్ల పోటీలు కొన్ని ఉచితం, కొన్నింటికి ఫీజుంటుంది. నిర్వాహకులు ఏ కాలేజీవారు, ప్రధాన జడ్జిలెవరు, ఎన్ని రౌండ్లు, రౌండ్ తర్వాత ఫీడ్‌బ్యాక్ ఇస్తారా అని అడగండి. ‘పాల్గొన్న అందరికీ సర్టిఫికెట్’ అని తప్ప ఇంకేమీ చెప్పని ప్రకటనను వదిలేయండి. ఆ కాగితంతో ఇంటర్వ్యూలో ఒరిగేదేమీ లేదు. దానికంటే “మొదటి రౌండ్‌లో నాలుగో స్థానం వచ్చింది, కారణం ఇది, ఇలా మార్చుకున్నాను” అని చెప్పగలిగితే వినేవాళ్లు తలెత్తి చూస్తారు.

జట్టు భాగస్వామిగా మీకంటే బాగా మాట్లాడేవాళ్ల కోసం వెతక్కండి. మీతో రోజూ వాదించే స్నేహితుడో, స్నేహితురాలో చాలు. ముందురోజు రాత్రే ఇంట్లో సిగ్నల్ ఎక్కడ నిలుస్తుందో చూసుకోండి. డేటా అయిపోతే వాడుకోవడానికి రెండో ఫోన్ దగ్గర ఉంచుకోండి. మాట మధ్యలో లైన్ తెగితే కంగారు పడొద్దు. తిరిగి రాగానే జడ్జికి చెబితే ఏం చేయాలో వాళ్లు చూస్తారు. ఇంట్లోవాళ్లకూ ముందే ఒక మాట చెప్పండి. ఏడు నిమిషాలు ఫోన్ పట్టుకుని గట్టిగా వాదిస్తుంటే ఎవరితో గొడవ పడుతున్నావని అమ్మ లోపలికొచ్చే అవకాశం ఉంది.