గోళ్లరంగు వేసుకున్న పంది, ఊగే కుర్చీ

విమానం మారడానికి మధ్యలో నాలుగైదు గంటలు ఆగాల్సి వస్తే ఆ సమయాన్ని దండగ ఖాతాలోనే రాసేస్తాం. హైదరాబాద్ నుంచి అమెరికా వెళ్లే తెలుగువారిలో చాలామందికి ఈ ఆగడం తప్పదు. పైగా చాలావరకు అమెరికాలో దిగిన మొదటి విమానాశ్రయంలోనే ఇమిగ్రేషన్ ముగించుకుని, సూట్‌కేసులు బెల్టు మీంచి దించుకుని, కస్టమ్స్ దాటి, సామాను మళ్లీ అప్పగించి, మరోసారి సెక్యూరిటీ క్యూలో నిలబడాలి. ఇంత హైరానాలో నవ్వెక్కడ, స్నేహమెక్కడ అనిపిస్తుంది. అయినా పలకరింపులూ పరిహాసాలూ అక్కడ పుడుతూనే ఉంటాయి. అవి ఎవరి అదృష్టం కొద్దో పుట్టేవి కావనీ, పెత్తనం చేతిలో ఉన్నవాళ్లు ముందుగా తమ బిగువు సడలించిన చోటే ఎక్కువగా పుడతాయనీ నా వాదన.

విస్కాన్సిన్ రాష్ట్రంలోని మిల్వాకీ మిచెల్ విమానాశ్రయాన్నే తీసుకోండి. తనిఖీ దాటి బయటపడ్డ మనిషి అవతారం అప్పట్లో ఎలా ఉండేదంటే ఒక చేతిలో బూట్లు, మరో చేతిలో బెల్టు, పళ్ల మధ్య బోర్డింగ్ పాసు, నడుం మీంచి జారుతున్న ప్యాంటు. 2008లో సరిగ్గా ఆ చోటే పైన ఒక బోర్డు వేలాడదీశారు: ‘రీకాంబాబ్యులేషన్ ఏరియా’. గందరగోళమైపోయిన వారు మళ్లీ మనుషుల్లో పడే చోటని దాని భావం. నాటి విమానాశ్రయ డైరెక్టర్ బ్యారీ బేట్‌మన్ సరదాగా పుట్టించిన మాట అది. అమెరికన్ డయలెక్ట్ సొసైటీ ఆ ఏటి అత్యంత సృజనాత్మక పదంగా దాన్నే ఎంచుకుంది కూడా. తనిఖీ కేంద్ర ప్రభుత్వానిది, చమత్కారం విమానాశ్రయానిది అనుకోండి. ప్రయాణికుడికి ఆ తేడా పట్టదు. తన అవస్థ అధికారుల కంటా పడిందని తెలిస్తే చాలు, పక్కనే బూటు తొడుక్కుంటున్న అపరిచితుడి వైపు తిరిగి నవ్వడానికి ధైర్యం వస్తుంది.

ఇలాంటి సాకు లేకపోతే మనుషులు కదలరు. షికాగోలో రైళ్లలో, బస్సుల్లో తిరిగేవారి మీద పరిశోధకులు నికొలస్ ఎప్లీ, జూలియానా ష్రోడర్ చేసిన ప్రయోగాల ఫలితాలు 2014లో వెలువడ్డాయి. కొత్తవారితో మాట్లాడితే ప్రయాణం విసుగవుతుందని జనం ముందుగా అంచనా వేశారు. నిజంగా మాట్లాడినవారు మాత్రం ఒంటరిగా కూర్చున్నవారికంటే హాయిగా గడిచిందన్నారు. అంటే లోపం స్నేహబుద్ధిలో లేదు, మొదలుపెట్టడంలో ఉంది. నార్త్ కరోలినాలోని చార్లెట్ విమానాశ్రయం ఆ మొదలును తెలియకుండానే అమర్చింది. ఇళ్ల వరండాల మీద ఫొటో ప్రదర్శన కోసం 1997లో అక్కడ తెల్లటి ఊగే కుర్చీలు పెట్టారు. ప్రదర్శన అయిపోయినా జనం వాటిని వదల్లేదు, కుర్చీలు అక్కడే స్థిరపడ్డాయి. దిగేవారికంటే విమానం మారేవారే ఎక్కువగా ఉండే విమానాశ్రయం అది. చేతులు బిగించి వరసగా నేలకు దిగ్గొట్టిన గేటు కుర్చీల్లో పక్కవాడి భుజమే కనిపిస్తుంది. ఊగే కుర్చీనైతే కాస్త జరుపుకుని ఎదురెదురుగా కూర్చోవచ్చు. మన ఊళ్లలో వీధి అరుగు చేసిన పనే అది.

ఇదంతా వ్యాపారమేనని కొట్టిపారేసేవారున్నారు. మనసు కుదుటపడ్డ ప్రయాణికుడు దుకాణాల్లో ఎక్కువ ఖర్చు పెడతాడన్నది అబద్ధమేమీ కాదు. కానీ ఊగే కుర్చీలో ఒకసారి కూర్చున్నవాడు దుకాణం వైపు లేచి వెళ్లడం అంత తేలికా! అమెరికావాళ్ల మర్యాద పైపైదే, గేటు పిలుపుతో ఆ స్నేహం ఆవిరైపోతుందన్నది మరో మాట. ఆవిరైపోవడంలోనే దాని సుఖం ఉంది. ఫోన్ నంబరు ఇచ్చిపుచ్చుకోనక్కర్లేదు, రుణపడనక్కర్లేదు.

గట్టి అభ్యంతరం మరొకటుంది. 2001 నాటి ఉగ్రదాడుల తర్వాత గడ్డాన్ని, తలపాగాను, ఒంటిరంగును బట్టి అనుమానపు చూపులు భరించినవారికి విమానాశ్రయంలో జోకు వేసే స్వేచ్ఛ లేదు. బాంబు అన్న మాటను వేళాకోళానికి వాడినా పోలీసులు వస్తారు. ఈ మాట కాదనలేం. నవ్వు పైనుంచి రావాలని నేననడం కూడా అందుకే. క్యూలో నిలబడ్డవాడు మొదలుపెడితే ప్రమాదమైనది, బోర్డు తగిలించినవాడు మొదలుపెడితే ఊరటవుతుంది. అనుమానం మాత్రం బోర్డులతో పోయేది కాదు. దానికి వేరే పోరాటం కావాలి.

పిల్లల దగ్గరకు వెళ్తూ, ఇంగ్లిష్ రాకనే వీల్‌చైర్ అడిగే మన పెద్దవాళ్లకు మిల్వాకీ చమత్కారం అందదు. శాన్‌ఫ్రాన్సిస్కో విమానాశ్రయం పద్ధతి వేరు. అక్కడ 2013 నుంచి ‘వ్యాగ్ బ్రిగేడ్’ పేరిట శిక్షణ పొందిన కుక్కలు, నన్ను నిమరండి అని రాసిన కోట్లు తొడుక్కుని ప్రయాణికుల మధ్య తిరుగుతున్నాయి. 2016లో ఆ దళంలో లీలూ అనే పంది చేరింది: నెత్తిన పైలట్ టోపీ, గోళ్లకు ఎర్రరంగు, ముట్టెతో వాయించడానికి బొమ్మ పియానో. ఆ కచేరీకి ఏ భాషా అక్కర్లేదు.