కంటిలోని కటకము



చత్వారము వచ్చి సులోచనములు ధరించు మనవంటి వృద్ధులకుఁ గాంటాక్టు లెన్సుల ప్రసక్తి యేల యని మీ రనుకొనవచ్చును. కాని మన మనుమలును మనుమరాండ్రును వానిని వాడుచున్నారు. వారికి సొమ్మిచ్చువారము మనము. తెల్లవారుజామున గోదావరికి రండని పిలుచువారమును మనమే.

మాది గౌతమీతీరమందలి కపిలేశ్వరపురము. 1973లో సర్వారాయ హరికథా పాఠశాల వెలసినది మొదలు మా యూర ఆఁడుపిల్లలు గజ్జెకట్టి చిడుతలు పట్టుట వింత కాదు. నా మనుమరాలికిని ఆ విద్యయందు మక్కువ. ఆమెది హ్రస్వదృష్టి. కథ చెప్పుచు గిరుకున తిరిగినపుడెల్ల సులోచనములు జాఱును. ఒకమాఱు అవి యెగిరి మృదంగముపైఁ బడినవి. సభవారు నవ్విరి, పిల్ల యేడ్చినది. నేను వెంటఁబెట్టుకొని కాకినాడలో నొక నేత్రవైద్యునికడకుఁ గొనిపోతిని.

ఈ లెన్సు కంటిలోపల దూర్చునది కాదు. నల్లగ్రుడ్డును గప్పుచు గాజువలె నిర్మలమైన పటల మొకటి కలదు; దానిపైఁ గన్నీటిపొరమీఁద నిది తేలియుండును. రెప్పవెనుకకుఁ బోయి తలలోఁ జేరునేమో యని మా యింటిలో భయపడిరి. అట్లు పోవుటకు త్రోవ లేదు. రెప్పలోపలి పొరయే మడఁతపడి తెల్లగ్రుడ్డును గప్పుచున్నది. ముఖ్యమైన సంగతి వేఱు. ఆ నిర్మలపటలమున రక్తనాళములు లేవు. అది తనకు వలయు ప్రాణవాయువును గన్నీటిద్వారమున బయటిగాలినుండియే చాలవఱకు గ్రహించును. లెన్సుతో నిదురించినచో రెప్పయు లెన్సును రెండు మూఁతలై దాని కూపిరి సలుపనీయవు.

1888లో ఆడాల్ఫ్ ఫిక్ అను జర్మను వైద్యుఁడు గాజులెన్సులను లోకమునకుఁ దెలిపెను. అవి కొలఁది గంటలకంటె నెక్కువ ధరింప వీలుగాకుండెను. మెత్తని లెన్సులకు దారితీసినవాఁడు చెకోస్లొవేకియా రసాయనశాస్త్రవేత్త ఓటో విఖ్టెర్లె. 1961లో నాతఁడు బాలుర యాటసామగ్రితోను సైకిలు డైనమోతోను ఇంటనే యంత్రము గట్టి వానిని దీసెను. బడిలో ఆటవస్తువులను లాగుకొనిన నావంటి యుపాధ్యాయుఁడు సిగ్గుపడవలసిన మాట!

సులోచనముల చీటి చూపి లెన్సులు కొనరాదు. సులోచనము కంటి కెడముగా నుండును. లెన్సు కంటినే యంటియుండును. కావునఁ బవరు హెచ్చైనచో రెంటి లెక్కయు వేఱగును. నల్లగ్రుడ్డు వంపు కొలువవలెను. కన్నీరు చాలునో లేదో చూడవలెను. కొలత లేక రంగులలెన్సులు కొని యొకరివి మఱొకరు పెట్టుకొనుట మిక్కిలి చెఱుపు. ఒకనాఁడు వాడి పాఱవేయునవి కలవు, నెల వాడునవి కలవు. మొదటివి వెల హెచ్చు, శుభ్రపఱచు పని లేదు. నేను పొదుపు చూచి రెండవవి కొంటిని.

ఆ కార్తికమున మనుమరాలు రాత్రి కథ ముగించుకొని తెల్లవాఱుచుండఁగా వచ్చినది. స్నానమునకుఁ బిలిచితిని. “తాతయ్యా, లెన్సులు తీసి వత్తును” అనఁగా, “గోదావరి నీరు నీ కన్నుల నేమి చేయును? ప్రొద్దెక్కుచున్నది, రమ్ము” అంటిని. పిల్ల నా మాట కెదురాడలేదు.

కొన్నినాళ్లకుఁ గుడికన్ను ఎఱ్ఱవడినది. దీపము చూడలేకపోయినది, నొప్పి కంటి యెఱుపుకంటె నెన్నో రెట్లు. మందులదుకాణమున నేదో చుక్కలమందు తెచ్చి మఱికొన్ని దినములు పోఁగొట్టితిమి. తుదకు వైద్యుఁడు కంటిపొరను గీఁకి పరీక్షించి, అకాంతమీబా యనెను. అది కంటికిఁ గానరాని యేకకణజీవి. నదిలో, చెఱువులో, నూతిలో, కొళాయినీటిలోఁ గూడ నుండును. స్నానము చేయువారి నందఱి నది బాధింపదు. లెన్సు దానిని గంటి నంటిపెట్టియుంచును, సూక్ష్మమైన గీఁత దొరకినచో లోఁజొచ్చును. నది పావనత్వమునకు దీనివలన లోపము లేదు, తప్పు నాది. మొదట రేయుంబవళ్లు గంటగంటకును మందు వేసితిమి. అయిదునెలలకుఁ గన్ను నిలిచినది, మచ్చ మిగిలినది.

కనుక లెన్సుకు నీరు తగులరాదు. చేతులు సబ్బుతోఁ గడిగి, తడి పూర్తిగాఁ దుడిచి ముట్టవలెను. కడుగుటకు దాని ద్రవమే వాడవలెను. కాఁచిన నీరును బనికిరాదు, ఉమ్మి యసలే తగదు. నిన్నటి ద్రవమును బాఱఁబోసి క్రొత్తది పోయవలెను. పెట్టెను మూఁడునెలల కొకమాఱు మార్చవలెను. కన్ను ఎఱ్ఱనైనచో వెంటనే లెన్సు తీసి, నాఁడే వైద్యునికిఁ జూపవలెను.

మచ్చవలనఁ గంటిపొర మిట్టపల్లములైనది, సులోచనములతో సరిపడలేదు. దానికిఁ బ్రాణవాయువును జొరనిచ్చు గట్టిలెన్సు కావలసివచ్చినది. దాని క్రింద నిలుచు కన్నీరు పల్లములను నింపి చూపును సమము చేయును. నల్లగ్రుడ్డు మొనదేలు వ్యాధికిని ఇట్టివే వాడుదురు. 1987లో హైదరాబాదున నెలకొన్న ఎల్. వి. ప్రసాద్ నేత్రసంస్థలో నిట్టి లెన్సు లమర్చెదరు. లెన్సుచేఁ జెడిన కంటికి లెన్సే చూపిచ్చినది. పిల్ల మరల గజ్జెకట్టినది. కార్తికమున నదికిఁ బోవునపుడు లెన్సు తీసి పెట్టెలో నుంచి నా చేతి కిచ్చును. ఆమె స్నానమాడి తల తుడుచుకొని వచ్చుదాఁక నేను దానిని బట్టుకొని గట్టుమీఁదఁ గూర్చుండెదను.