ఎండని చేప తప్పేటి?

ఏడు చేపల కథ తెలీని గుంటలు మన శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో ఉండరు. బడికెళ్లకముందే అమ్మమ్మో నాన్నమ్మో చెప్పేస్తారు. అన్నం తినిపించడానికో నిద్రపుచ్చడానికో చెప్పిన కథ కదా, పెద్దయ్యాక దాన్ని పట్టించుకోం. నిజానికి పెద్దయ్యాకే అది బాగా పనికొస్తుంది.

కథ గుర్తుందేటి? రాజుగారి ఏడుగురు కొడుకులు ఏడు చేపలు తెచ్చి ఎండబెట్టారు. ఒకటి ఎండలేదు. ఎందుకని అడిగితే గడ్డిమేటు అడ్డొచ్చిందని చేప చెప్పింది. మేటు ఆవు మీద చెప్పింది. ఆవు పాలేరు మీద, పాలేరు అన్నం పెట్టని అవ్వ మీద, అవ్వ ఏడుస్తున్న పిల్లడి మీద, పిల్లడు కుట్టిన చీమ మీద. నా పుట్టలో వేలు పెడితే కుట్టనా అని చీమ తేల్చేసింది.

అందరూ తప్పు పక్కోళ్ల మీదకి నెట్టేశారని నవ్వుకుంటాం. కానీ ఇందులో ఎవరైనా అబద్ధం చెప్పారా? లేదు. పిల్లడు ఏడుస్తుంటే అవ్వ అన్నం ఎలా పెడుతుంది? ఆకలితో ఉన్న పాలేరు ఆవుని ఎలా మేపుతాడు? అడిగినవాడు చేప దగ్గరే ఆగిపోయుంటే, పనికిమాలిన చేప అని పారేసేవాడు. ఆగలేదు గనకే అసలు సంగతి బయటపడింది.

మనం మాత్రం చేప దగ్గరే ఆగిపోతన్నాం. ఎనిమిదో తరగతిలో ఓ గుంటడు బడి మానేశాడనుకోండి. ఊళ్లో ఒకటే మాట: ‘ఆడికి సదువు అబ్బలేదు.’ అక్కడితో సరి.

కాస్త ముందుకెళ్లి అడుగుదాం. ఎందుకు మానేశాడు? చెల్లిని చూసుకోవాలి. అమ్మ ఏటి చేస్తంది? తెల్లారకముందే చేపల గంప ఎత్తుకుని ఊళ్లమీదకి పోతంది. నాన్న? గుజరాత్‌లోని వేరావల్‌లో బోటు మీద ఉన్నాడు. శ్రీకాకుళం జిల్లాకే 193 కిలోమీటర్ల తీరం ఉంటే అంత దూరం ఎందుకెళ్లాడు? ఇక్కడ వేట గిట్టదు, సరైన జెట్టీలు కట్టమని ఏళ్ల తరబడి అడుగుతున్నా పని సాగదు. అలా వలసెళ్లినోళ్లే 2018 నవంబరులో పాకిస్తాన్‌కి చిక్కారు. 2020 జనవరిలో గానీ వాఘా దాటి రాలేదు. ఆ ఏడాది పైచిలుకు కాలం వాళ్ల ఇళ్లల్లో గుంటలు ఎలా ఉండుంటారో ఆలోచించండి. ఇప్పుడు చెప్పండి, చదువు అబ్బకపోడం ఎవరి తప్పు?

విజయనగరంలో ఉండి కథలు రాసిన చాగంటి సోమయాజులు, అదే మన చాసో, ఇదే సంగతి రాశారు. ఆ కథ పేరు ‘ఎందుకు పారేస్తాను నాన్నా?’ డబ్బుల్లేక కృష్ణుడి చదువు ఆగిపోతుంది. చుట్టలు తెమ్మని నాన్న పంపుతాడు. దారిలో బడి. తనతో చదువుకున్న పిల్లలు కనిపిస్తే వాడికి సిగ్గు. నాన్న చెడ్డోడు కాడు, లేనోడు. కృష్ణుడు చదువు రానోడు కాడు, బడి మీద ప్రాణం ఉన్నోడు. అయినా వాడి చిన్నతనం ఆ బడి గేటు దగ్గరే తెగిపోయింది.

వయసు పెరిగితేనే పెద్దోళ్లమైపోం. చిన్నప్పుడు వందసార్లు అడిగిన ‘ఎందుకు’ని సిగ్గుపడి మానేస్తే ఒళ్లు పెరిగినట్టే, అంతే. దాన్ని మన ఇంటి కోసమే కాక పక్కింటి గుంటడి కోసం కూడా అడిగితే, అప్పుడు పెద్దయినట్టు.

అడిగాక చెయ్యడానికీ పనుంది. 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న విద్యాహక్కు చట్టం ప్రకారం 6 నుంచి 14 ఏళ్ల పిల్లలకి చదువు హక్కు. మధ్యలో మానేసినా వయసుకు తగ్గ తరగతిలోనే చేర్చుకోవాలి. వెనకబడిన పాఠాలకి విడిగా శిక్షణ ఇవ్వాలి. టీసీ లేదని వెనక్కి పంపకూడదు. ఈ ముక్క తెలీక ఆగిపోయిన ఇళ్లు మన వీధిలోనే ఉంటాయి. ఫోన్ చేతిలో ఉన్న మనమే వెళ్లి చెప్పాలి. హెడ్మాస్టరు దగ్గరికి ఆ అమ్మతో పాటు మనమూ నడవాలి.

ఈసారి ఎవరైనా ‘ఆడికి సదువు అబ్బలేదు’ అంటే ఊరుకోకండి. ఎందుకని అడగండి. జవాబు వచ్చాక మళ్లీ ఎందుకని అడగండి.